వంగిన కిటికీలు

మా బాల్కనీకి ఎదురుగా ఒక గాజు మేడ ఉంది. సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కింది నుంచి పైదాకా అన్నీ చదరపు కిటికీలే. గళ్ళ లుంగీ ఆరేసినట్టుంటుంది. ఆ ఏడు వినాయక చవితి వెళ్ళిన తర్వాత ఒక పొద్దున కెమెరా కంటికి ఆనించి చూస్తే ఆ గళ్ళు వంగి కనిపించాయి. పైన బాగానే ఉన్నాయి, కింద బాగానే ఉన్నాయి. నడుమ మాత్రం ఎవరో లోపలి నుంచి పట్టి గుంజినట్టు ముడుచుకుపోయాయి.

లెన్సు చెడిందనుకున్నాను. ఫోటోలు తీసేవాళ్ళెవరికైనా ముందు వచ్చే అనుమానం అదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న లెన్సు, కోఠిలో రంగనాథ్ అనే మెకానిక్ ఇప్పించాడు. అప్పటికప్పుడు ఫోన్ చేసి అతన్ని దులిపేశాను. పాపం, మనిషిని పంపి లెన్సు తెప్పించుకున్నాడు. నాలుగు రోజులకు తిప్పి పంపిస్తూ, "మంచిగనే ఉంది మేడమ్, జర చూస్కోండి" అన్నాడు. మళ్ళీ పెట్టి చూశాను. మళ్ళీ వంకరే. మళ్ళీ పంపాను.

మా ఆయన శివశంకర్ సోఫాలో కూర్చుని ఇదంతా చూస్తూ నవ్వాడు. నార్సింగి వైపు ప్లాట్లు అమ్మిపెట్టే వ్యాపారం ఆయనది. తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు, ఇంట్లో కూర్చుని నన్ను ఎగతాళి చేయడమే పని.

"ఆడలేక మద్దెలోడు అంటే ఇదే. నీ చెయ్యి వణికితే ఆ పిల్లోన్ని ఎందుకు తిడతాండావు?"

నా చెయ్యి వణకడమా! మా నాన్నకు ప్రొద్దుటూరులో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళయ్యేదాకా అక్కడ నెగెటివ్‌ల మీద రీటచింగ్ చేసింది నేనే. పెళ్ళికూతురి బుగ్గ మీద మొటిమను సన్నటి పెన్సిల్‌తో మాయం చేసేదాన్ని, ముసలాయన నుదుటి మీద రెండు ముడతలు తగ్గించేదాన్ని. ఎడమ కన్ను మూసి, కుడి కంటికి భూతద్దం పెట్టుకుని చేసే పని అది. మా అనసూయ కన్ను పడితే ముఖం కడిగిన ముత్యమవుతుందని మా నాన్న అందరికీ చెప్పుకునేవాడు. ఇప్పుడు యాభై ఏడేళ్ళ వయసులో, ఖాజాగూడ దగ్గర బండరాళ్ళను అపార్ట్‌మెంట్ల కోసం పేల్చేయకముందే ఫోటోలు తీసి పెట్టుకోవడం నా పిచ్చి. మా ఆయనకు అర్థం కాని పిచ్చి. ఆయనకు రాయి కనిపిస్తే దాని కింది గజాలు కనిపిస్తాయి.

రెండోసారి రంగనాథ్ లెన్సుతో పాటు ఒక ఫోటో ప్రింటు కూడా పంపాడు. అదే లెన్సుతో గళ్ళ కాగితాన్ని తీసిన ఫోటో. నేను భూతద్దం తీసుకుని, పాత అలవాటు కొద్దీ ఎడమ కన్ను మూసి చూశాను. మధ్యలో గళ్ళు వంగి ఉన్నాయి. నాకు పట్టరాని సంతోషం.

"రాండి, వచ్చి చూడండి! నేను చెప్పలే? వాని ఫోటోలోనే దొరికిపోయినాడు!"

ఆయన వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, ప్రింటును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యాడ వంగినాయి? తాడు పట్టి గీసినట్టుండాయి."

నేను ప్రింటు లాక్కున్నాను. రెండు కళ్ళతో చూశాను. గీతలు తిన్నగా ఉన్నాయి. కుడి కన్ను మూసుకుని చూశాను. తిన్నగానే ఉన్నాయి. ఎడమ కన్ను మూసుకున్నాను. మధ్యలో గళ్ళు ముడుచుకుపోయి, ముడుత నడుమ చిన్న మసక మరక కనిపించింది. భూతద్దం పక్కన పెట్టాను.

"వంగలేదు లెండి, నాకే సరిగ్గా కనపడలే" అని నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయాను. స్టవ్ ముందు నిలబడి ఒక కన్ను మూస్తూ ఒక కన్ను తెరుస్తూ పాలగిన్నెను చూశాను. పాలు పొంగి స్టవ్ మీద పోయేదాకా చూస్తూనే ఉన్నాను.

అదేమిటో నాకు తెలుసు. మా అమ్మకు అదే వచ్చింది. ముందు ఒక కన్ను, ఆ తర్వాత రెండోది. గుడ్డిది కాలేదు, గోడలు పట్టుకుని నడిచేది కాదు. పక్కనున్నవన్నీ కనిపించేవి. సరిగ్గా చూడాలనుకున్నదే కనిపించేది కాదు. చెంబును చూస్తే చెంబు పోయేది, ముఖాన్ని చూస్తే ముఖం పోయేది. అందుకని కోడిలా తల పక్కకు తిప్పి చూసేది. పుట్టింటికి వెళ్ళి ఎదురుగా నిలబడితే "ఎవురది?" అని అడిగేది. నేనమ్మా అంటే నా ముఖమంతా వేళ్ళతో తడిమేది. చివరి ఏళ్ళలో మా అమ్మ నా ముఖం చూడలేదు. చూడకుండానే పోయింది.

వేరేవాళ్ళయితే ఇంకా చాలాకాలం కనిపెట్టేవాళ్ళు కాదు. ఒక కన్ను చెడినా రెండోది కప్పిపుచ్చుతుంది కదా. రోజూ ఒక కన్ను మూసుకునే పని నాది కాబట్టి దొరికిపోయాను. ముందుగా తెలిసింది కాబట్టి ముందుగా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి కదా? పరుగెత్తలేదు. భయం. డాక్టరు ఆ మాట అనేదాకా అది నిజం కాదనిపించింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, నేను ఒక కన్నే మూసుకుని తాగాను.

సాకు కూడా రెడీగా దొరికింది. ఊరంతా సకల జనుల సమ్మె. బస్సులు డిపోలు దాటలేదు, స్కూళ్ళు మూతపడ్డాయి, బొగ్గు రాక కరెంటు కోతలు. ఆటోలు ఒకరోజు తిరిగితే రెండు రోజులు తిరగవు. రోడ్డు మీద ఎక్కడ చూసినా జై తెలంగాణ. మా ఆయన కారు వెనక అద్దానికి జై తెలంగాణ స్టిక్కరు అంటించి కూడా గేటు దాటించలేదు. నోరు తెరిస్తే మనది కడప జిల్లా అని తెలిసిపోతుందని ఆయన భయం. పాలప్యాకెట్టు కొనేటప్పుడు కూడా వేలితో చూపించి ఊరుకునేవాడు. నేను మనసులో, సమ్మె అయిపోనీ, అప్పుడు చూపించుకుంటాను అనుకున్నాను. సమ్మె అయిపోకపోతే బాగుండని కూడా అనుకున్నాను. రాత్రి కరెంటు పోయి గది చీకటి కాగానే గుండె ఝల్లుమనేది. ఫ్యాను ఆగిన చప్పుడు వినబడితే, అమ్మయ్య, పోయింది కరెంటే అనుకునేదాన్ని.

ఈలోగా మరక పెరిగింది. గాజు మేడలో మొదట రెండు మూడు కిటికీలే పోయేవి. తర్వాత ఒక అంతస్తంతా పోయింది.

లచ్చమ్మ మా ఇంట్లో పనిచేస్తుంది. మెదక్ దగ్గర ఊరు. ఆమె మొగుడు మల్లయ్య ఆ గాజు మేడకే సెక్యూరిటీ గార్డు. బతుకమ్మ రోజులు వచ్చాయి. ఆ ఏడు ఆడవాళ్ళు బతుకమ్మను గుళ్ళ దగ్గర కాదు, రోడ్ల మీద ఆడారు. అదీ ఉద్యమమే. ఒకరోజు లచ్చమ్మ చీపురు మూలన పెట్టి కొంగు బిగించి నా ముందు నిలబడింది.

"అమ్మా, ఇయ్యాల పొద్దుగూకే ముందు గీ పెద్ద రోడ్డు మీదనే ఆడుతున్నం. నువ్వు ఫోటువలు దియ్యాలె. రాళ్ళను దీస్తవు గద, మమ్మల్ని దియ్యవా?"

"రోడ్ల మీదికా? యాడికీ పోవద్దు" అన్నాడు మా ఆయన లోపలి నుంచి.

"నీ భయం నాకెందుకు?" అని కెమెరా మెడలో వేసుకుని బయల్దేరాను. నిజానికి ఆ గదిలో ఆ కిటికీలను చూస్తూ కూర్చోవడం కంటే రోడ్డే నయమనిపించింది.

ఎప్పుడూ కార్లతో కిక్కిరిసే రోడ్డు ఆ రోజు బంద్ వల్ల ఖాళీగా ఉంది. గాజు మేడ ముందు, రోడ్డు నడిమధ్య, తంగేడు, గునుగు, బంతి పూలు పేర్చిన బతుకమ్మలు పెట్టారు. వాటి చుట్టూ ఆడవాళ్ళు వలయం కట్టారు. వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. పాట మధ్యలో జై తెలంగాణ అంటున్నారు. పోలీసులు కాస్త దూరంలో నిలబడి చూస్తున్నారు. అటు కూడలి దగ్గర మగపిల్లలు రాళ్ళు, డ్రమ్ములు అడ్డం పెట్టి కూర్చున్నారు.

ఎడమ కంటితో తీద్దామనుకునే వచ్చాను. కానీ నలభై ఏళ్ళ అలవాటు, కెమెరా ఎత్తగానే అది కుడి కంటి దగ్గరికే పోయింది.

ఒకామె ఎడమ వైపు నుంచి వచ్చింది. నవ్వు ముఖం, పెద్ద బొట్టు. రెండడుగులు వేసి మధ్యలోకి రాగానే ఆ ముఖం ముడుచుకుంది, మసకబారింది, పోయింది. మెడ మీద ఏమీ లేదు. చీర ఉంది, చప్పట్లు కొట్టే చేతులున్నాయి. ఇంకో రెండడుగులు వేసి కుడివైపుకు జరగ్గానే ముఖం మళ్ళీ వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె వచ్చింది. ఆమెకూ అంతే. వరసగా అందరూ నవ్వుతూ వస్తున్నారు, ఆ చోటికి రాగానే ఒక్కొక్కరి ముఖం పోతోంది. నేను షట్టర్ నొక్కుతూనే ఉన్నాను. వేలు ఆగలేదు. తర్వాత లచ్చమ్మ వచ్చింది. నన్ను చూసి, ఫోటో తీస్తున్నానని తెలిసి, నోరంతా తెరిచి గట్టిగా పాడింది. ఆ నోరు పోయింది. ముక్కుపుడక పోయింది. లచ్చమ్మ పోయింది.

నేను అరిచానట. నాకు తెలియదు. కెమెరా వదిలేశాను, మెడలో పట్టీ ఉంది కాబట్టి పగల్లేదు. డివైడర్ మీద కూలబడ్డాను. లచ్చమ్మ వలయం విడిచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందమ్మా? ఎండ గొట్టిందా?"

"నీ ముఖం కనపడలేదు లచ్చమ్మా" అన్నాను. ఏడుపొచ్చేసింది. మా అమ్మ సంగతి, కిటికీల సంగతి, రంగనాథ్‌ను అనవసరంగా తిట్టిన సంగతి అన్నీ ఆ డివైడర్ మీదనే చెప్పేశాను. లచ్చమ్మ నా ముందు గొంతుక్కూర్చుని ముఖం దగ్గరికి తెచ్చింది. నా ఎడమ కన్నును తన అరచేత్తో మూసింది. ఆ చేతికి బంతిపూల వాసన.

"గిప్పుడు?"

"లేదు."

చెయ్యి తీసేసింది. "సారుకు ఎర్కనా?"

"తెలియదు."

"గిన్నొద్దులు దాచినవా? నీకేమన్న దిమాక్ ఉన్నదా?" అని నన్ను రెక్క పట్టి లేపింది. తన బతుకమ్మను యాదమ్మ అనే ఆమెకు అప్పజెప్పి, నన్ను ఇంటికి నడిపించింది. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లు ఎక్కించి, తలుపు తెరిచిన మా ఆయనతో నాకంటే ముందు తనే చెప్పింది.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్ళు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకోని కూచున్నావా? మీ అమ్మను చూసి కూడానా?" అన్నాడు. కారు తాళంచెవి తీసుకోబోయి కింద పడేశాడు. తీసి మళ్ళీ పడేశాడు. అప్పుడు తెలిసింది, ఆయనకు నాకంటే ఎక్కువ భయంగా ఉంది.

"బంద్‌లో ఎట్ల పోతాం?" అన్నాన్నేను, ఇంకా సాకు వెతుక్కుంటూ.

"నేను ముంగట కూసుంట. నడువున్రి" అంది లచ్చమ్మ.

కూడలి దగ్గర ఆపారు. నలుగురైదుగురు వచ్చి బానెట్ మీద చేతులు వేశారు. ఒక యువకుడు అద్దం మీద కొట్టాడు. మా ఆయన అద్దం దించలేదు. లచ్చమ్మే తన వైపు అద్దం దించింది.

"బంద్ అని ఎర్కలేదా? ఎటు పోతున్రు?"

"దవాఖానకు. మా అమ్మకు కన్ను పోతున్నది, ఇడువున్రి బిడ్డా."

కన్ను పోతున్నది. ఆ మాట పైకి వినడం నాకు అదే మొదటిసారి.

యువకుడు వెనక సీటులోకి వంగి చూశాడు. నా మెడలో కెమెరా ఉంది. తీయాలని కూడా తోచలేదు.

"కండ్లు మంచిగనే ఉన్నయి గద. కెమెరా ఏంది? టీవీవోళ్ళా? పోలీసోళ్ళకు ఫోటోలిస్తున్రా?" వెనక ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు. ఎవరో కారు డిక్కీ మీద దబదబా బాదారు. "ఏ ఊరు మీది? సారు మాట్లాడడేంది?"

మా ఆయన నోరు తెరిచి మళ్ళీ మూశాడు. లచ్చమ్మ ఏదో అనబోయింది. ఆ యువకుడు ఆమెను చూడడం లేదు, నన్నే చూస్తున్నాడు. నేను ఎడమ కన్ను చేత్తో మూసుకున్నాను. అతని చొక్కా కనిపించింది, మెడలోని గులాబీ కండువా కనిపించింది.

"నీ ముఖం కనపడలేదు నాయనా" అన్నాను మా కడప యాసలోనే. ఇంకో యాస నాకు రాదు. "చెవులు కనిపిస్తాండాయి. ముఖం లేదు."

నేను మోసం చేస్తున్నానా అని అతను చూశాడేమో. నాకు ఆ చూపు కూడా కనిపించలేదు. తర్వాత వెనక్కి తిరిగి, "రాయి జరుపున్రా, అంబులెన్స్ లెక్కనే ఇది" అన్నాడు. కారు కదిలేటప్పుడు లచ్చమ్మ వైపు వంగి, "జై తెలంగాణ అక్కా" అన్నాడు. లచ్చమ్మ కూడా అంది. అలవాటు లేకపోయినా మా ఆయన కూడా గొణిగాడు.

"మీరు పొమ్మంటే మేం యాడికి పోవాల?" అని ఆయన కాస్త దూరం వెళ్ళాక లచ్చమ్మను అడిగాడు. ఎన్నాళ్ళుగానో లోపల పెట్టుకున్న ప్రశ్న.

"మిమ్మల్ని ఎవరు పొమ్మన్నరు సారూ? మా రాష్ట్రం మేం అడుగుతున్నం. అమ్మ కన్నుకూ దానికీ ఏం పంచాయితి? సక్కగ తోలు" అంది.

బంజారాహిల్స్‌లో కళ్ళాసుపత్రి తెరిచే ఉంది. అన్ని రోజులూ తెరిచే ఉందట. కంటిలో చుక్కలు వేశారు, వెలుగులు వేశారు, ఫోటోలు తీశారు. నా కంటి లోపలి ఫోటోను తెర మీద చూపిస్తూ డాక్టరమ్మ, పొర కింద నీరు చేరింది, రక్తం కారుతోంది, లోపలికి సూది మందు వేయాలి అన్నారు.

"ఎప్పటి నుంచి ఇలా ఉందమ్మా?"

"వినాయక చవితి తర్వాత నుంచి."

"వెంటనే రావాల్సింది. పోయిన చూపు మొత్తం తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టే ప్రయత్నం చేస్తాం."

"సమ్మె గదా డాక్టర్‌గారూ. బస్సుల్లేవు."

"మనకు కారుండాది" అన్నాడు మా ఆయన నెమ్మదిగా. నా వైపు చూడలేదు.

కంట్లో సూది అంటే ఏమిటో ఎవరికీ చెప్పాలనిపించదు. నొప్పి పెద్దగా లేదు. రెప్పలు మూసుకోకుండా క్లిప్పు పెడతారు. అదీ భయం. చూడొద్దనుకున్నా కన్ను మూసుకోనివ్వరు. సూది వస్తున్నది కనబడలేదు. మందు లోపలికి దిగాక మాత్రం నల్లటి బుడగలు కన్నంతా తేలాయి. కన్ను మొత్తం పోయిందనుకుని బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

అలా చాలాసార్లు అయింది. కుడి కన్ను పూర్తిగా పోలేదు, బాగుపడనూ లేదు. ఫోటోలు ఎడమ కంటితో తీయడం నేర్చుకున్నాను. ముక్కు కెమెరా వెనక నొక్కుకుని చప్పిడవుతుంది, బొటనవేలు బుగ్గకు తగులుతుంది, రాళ్ళన్నీ ఒక పక్కకు ఒరిగిపోతాయి. మా ఆయన చూసి "కొండలు తాగినట్టుండాయి" అంటాడు. ఇప్పుడు ఖాజాగూడకు నాతోపాటు ఆయనే వస్తాడు. గజాల గురించి మాట్లాడడు. గుంతలుంటే చెయ్యి పట్టుకుంటాడు.

రెండో కంటికీ రావచ్చునని డాక్టరమ్మ చెప్పారు. రోజూ ఒక్కో కన్ను మూసి గళ్ళ కాగితం చూడాలి, ఒక్క గీత వంగినా ఆ రోజే రావాలి అన్నారు. ఇంట్లో గళ్ళ కాగితం పెట్టుకోవాలనిపించలేదు. బతుకమ్మ రోజు గుడ్డిగా తీసిన ఫోటోల్లో ఒకటి పెద్దదిగా ప్రింటు చేయించి వంటింటి గోడకు పెట్టాను. నేను చూడలేకపోయినా కెమెరా చూసింది. లచ్చమ్మ నోరు తెరిచి పాడుతోంది, ముక్కుపుడక మెరుస్తోంది, ఆమె వెనక గాజు మేడ కిటికీలు వరసగా ఉన్నాయి. కుడి కంటికి ఆమె ముఖం లేదు. ఎడమ కంటికి ఉంది. రోజూ కాఫీ కలిపే ముందు కుడి కన్ను మూసి చూస్తాను.

లచ్చమ్మకు ఈ సంగతి తెలుసు. రోజూ గడప బయట చెప్పులు విప్పుతూనే అడుగుతుంది.

"ఇయ్యాల ఉన్ననా అమ్మా?"

"ఉన్నావు" అంటాను. అప్పుడు చీపురు అందుకుంటుంది.

ఏడాది దాటింది. తెలంగాణ ఇంకా రాలేదు. మళ్ళీ ఒకరోజు బంద్ అన్నారు. పొద్దున్నే దూరం నుంచి నినాదాలు వినిపిస్తున్నాయి. నేను కుడి కన్ను మూసి గోడ మీది ఫోటో చూశాను. లచ్చమ్మ ఉంది. నోరుంది, ముక్కుపుడక ఉంది. ఆమె చెవి పక్కన ఒక కిటికీ గీత, తడి దారంలాగా, లోపలికి వంగింది.

కళ్ళజోడు తుడిచాను. మళ్ళీ చూశాను. ఫోటో తీసి, అద్దం కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టాను. గీత వంగే ఉంది. మా అమ్మ వేళ్ళు నా ముఖం మీద పాకినట్టనిపించింది.

"ఇయ్యాల ఉన్ననా అమ్మా?" అంది లచ్చమ్మ గడప దగ్గర.

"ఉన్నావు" అన్నాను.

ఆమె చీపురు అందుకుంది. అది అబద్ధం కాదు. ఆమె ఉంది. ఈ రోజుకు ఉంది. రేపు చూద్దాం, బంద్ అయిపోనీ అని నాలుక చివరి దాకా వచ్చింది. చీపురు చప్పుడు హాల్లోంచి వంటింటి వైపు వస్తోంది.

"లచ్చమ్మా, ఆగు. నీ పక్కన గీత వంగింది."

చీపురు చప్పుడు ఆగింది. బాల్కనీలో పేపరు మడిచిన చప్పుడైంది. మా ఆయన వచ్చి గోడ మీది ఫోటోనూ నన్నూ చూసి తాళంచెవి తీసుకున్నాడు. ఈసారి కింద పడేయలేదు. లచ్చమ్మ ముందు సీటులో కూర్చుంది.

కూడలి దగ్గర మళ్ళీ రాళ్ళున్నాయి, మళ్ళీ కుర్రవాళ్ళున్నారు. వాళ్ళు కారు దగ్గరికి రాకముందే నా వైపు అద్దం నేనే దించి, తల బయటికి పెట్టి, గొంతు చించుకుని అరిచాను.

"కన్ను పోతాంది నాయనా! ఉన్న ఒక్క కన్ను! దోవ ఇయ్యండి!"